కీమోలో ఉన్నవాళ్లు నడక యాప్ పెట్టుకునే ముందు

అందరికీ నమస్కారం. అడుగులు లెక్కపెట్టే యాప్ వేసుకోగానే అందులో 10,000 టార్గెట్ ఉంటే తీసేయండి. అది డాక్టర్లు చెప్పిన అంకె కాదు. 1965లో జపాన్‌లో అమ్మిన ఓ పెడోమీటర్ పేరు, అంతే.

మొదటి వారం మామూలుగానే తిరగండి. రోజుకు సగటున 2,000 వస్తే తర్వాతి వారం 2,200 పెట్టండి, చాలు. పదేసి నిమిషాలు మూడుసార్లు నడిచినా లెక్కే. నడుస్తూ మాట్లాడగలగాలి, ఆయాసం రాకూడదు.

కీమో ఎక్కించాక రెండు మూడు రోజులు అంకె పడిపోవచ్చు. అది బద్ధకం కాదు, యాప్ ఎంత గోల పెట్టినా పట్టించుకోకండి. నిన్నటితో కాదు, పోయిన సైకిల్‌తో (అంటే పోయిన కీమో విడతతో) పోల్చండి: 5వ రోజును 5వ రోజుతో.

నడిచినా లెక్క రావట్లేదా? ఫోన్ టీపాయ్ మీద ఉండి ఉంటుంది, లేదా బ్యాటరీ సేవర్ యాప్‌ను ఆపేసి ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్ అయితే సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కి బ్యాటరీ ‘అన్‌రిస్ట్రిక్టెడ్’ చేయండి. వాకర్ పట్టుకుని నడిచేవాళ్లు ఫోన్ జేబులోనో నడుముకో పెట్టుకోండి. చేతి వాచీ సరిగ్గా లెక్కపెట్టదు. మెటోప్రొలాల్ లాంటి బీపీ, గుండె మాత్రలు వాడేవాళ్లకు గుండె వేగం పెద్దగా పెరగదు, వాచీలో దాన్ని చూసి ఇంకా జోరు పెంచొద్దు.

జ్వరం 100.4 ఉంటే ఆరోజు నడక వద్దు, వెంటనే ఆస్పత్రికి ఫోన్ చేయండి. క్యాన్సర్ ఎముకలకు పాకినవాళ్లు, ప్లేట్‌లెట్లు తగ్గినవాళ్లు డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టండి.