వాకిట్లో జొన్న పాతర

గద్వాల

ప్రియ మిత్రుడు నరసింహులుకు,

నీ ఉత్తరం అందింది. మీ చిన్నమ్మాయి బడి పుస్తకంలో పాత రోజుల కరువుల గురించి "వానలు పడకపోవడం వల్ల వచ్చేవి" అని ఒక్క ముక్కలో తేల్చేశారనీ, అది చదివి నీకు ఎక్కడో వెలితిగా తోచిందనీ రాశావు. సరిగ్గా అదే వారం మా ఊరి పాత ఇంటి వాకిట్లో ఒక పాతర, అంటే గింజలు దాచుకునే గొయ్యి, బయటపడింది కనుక నా జవాబు కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిక పట్టు.

మురుగు కాలువ కోసం తవ్వుతుంటే గడ్డపార బండకు తగిలింది. బండ లేపితే మనిషి దూరేంత మూతి, దాని కింద కుండ కడుపులా వెడల్పయిన గొయ్యి కనిపించాయి. మేస్త్రి దిగబోతుంటే ఎనభై దాటిన మా మేనత్త అరుగు మీంచి కేకవేసి ఆపింది. ముందు లాంతరు దించాలట. దీపం ఆరితే లోపల గాలి చెడ్డదని గుర్తు. సెల్‌ఫోను వెలుగు ఆ పనికి రాదని మేస్త్రికి నచ్చజెప్పడానికే పావుగంట పట్టింది. అడుగున చొప్ప పొర మసిలా మిగిలి ఉంది. చుట్టూ చొప్ప పేర్చి, జొన్నలు పోసి, పైన మళ్ళీ చొప్ప కప్పి, బండ పెట్టి మట్టితో మెత్తితే గింజ ఏళ్ళ తరబడి నిలుస్తుందని అత్త చెప్పింది. అడుగు జొన్నలకు ముక్కిన వాసన వచ్చి పిల్లలు ఆ రొట్టె ముట్టేవారు కాదట, అయినా కాలం కానప్పుడు, అంటే వానలు తప్పినప్పుడు, ఇంటిల్లిపాదికీ అదే ప్రాణమట.

నరసింహులూ, మన పాలమూరుకు, మీ నల్లగొండకు కాలం కాకపోవడం ఏనాడూ కొత్త కాదు. పాతర నిండుగా ఉండగా కాలం కాకపోతే అది కష్టం. పాతర ఖాళీగా ఉండగా కాలం కాకపోతే కరువు. మీ అమ్మాయి పుస్తకం చెప్పనిది పాతర ఎందుకు ఖాళీ అయిందన్న సంగతే.

తుంగభద్ర దాటితే కర్నూలు కదా, అక్కడి నుంచే మొదలుపెడతాను. నిజాం ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేసిన దత్తమండలంలోనూ, 1839లో అదే కంపెనీ కలుపుకున్న కర్నూలులోనూ రైతు శిస్తును రొక్కంగా కట్టాలి. కిస్తు, అంటే శిస్తు వాయిదా, గడువు పంట ఇంటికొచ్చిన కొద్ది రోజులకే పడుతుంది, అప్పుడు అందరూ ఒక్కసారిగా అమ్మకానికి తెస్తారు కనుక ధర నేలమీద ఉంటుంది. రైతు పాతరలో పోయవలసిన గింజలను కూడా కిస్తు కోసం అమ్ముకుని, ఎండాకాలంలో అవే గింజలను షావుకారు దగ్గర అప్పుకు తెచ్చుకుంటాడు. మనం నిజాం రాజ్యంలో ఉన్నాం కనుక బతికిపోయామని అనుకోకు. నిజాం దివాను సాలార్‌జంగ్ 1865లో జిలాబందీ, అంటే జిల్లాల ఏర్పాటు, తెచ్చినప్పుడు ఇక్కడ కూడా ధాన్యం పాలుకు, అంటే పంటలో సర్కారు వాటాకు, బదులు రొక్కం శిస్తు వచ్చింది. పాత పాలు పద్ధతిలో మోసాలు లేవని కాదు, కానీ పంట పండని ఏడు సర్కారు పాలు కూడా దానంతట అదే తగ్గేది, రొక్కానికి ఆ గుణం లేదు.

అది చాలదన్నట్టు రైలు వచ్చింది. కరువు ఊళ్ళకు తిండి చేర్చడానికే రైలు వేశామని ఇంగ్లీషు దొరలు చెప్పేవారు, కొంత చేర్చిన మాట కూడా నిజమే. అయితే బండి రెండు వైపులా నడుస్తుంది. ఎక్కువ ధర ఎక్కడ ఉంటే గింజ అక్కడికి పోతుంది, చేతిలో డబ్బు లేనివాడి ఊరు ఎంత ఆకలితో ఉన్నా అక్కడ ధర పలకదు.

1876లో, అంటే ధాత సంవత్సరంలో, వానలు తప్పాయి. మనవాళ్ళు దాన్ని ధాత కరువు అంటారు, అది మరుసటి ఈశ్వర సంవత్సరంలోకి కూడా సాగింది. మద్రాసు, బొంబాయి రాష్ట్రాలు, మైసూరు, మన హైదరాబాదు రాజ్యం అన్నీ దాని వాత పడ్డాయి. ధర పెరిగేకొద్దీ వ్యాపారులు సరుకు బిగబట్టారు, వైస్రాయి లిట్టన్ ధరల జోలికి పోకూడదని పట్టుబట్టాడు. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని చక్రవర్తినిగా చాటే దర్బారు జరుగుతుంటే ఇక్కడ జనం ఇళ్ళ దూలాలు పీకి అమ్ముకుంటున్నారు. 1877-78లో దేశం నుంచి సుమారు 3,20,000 టన్నుల గోధుమ ఎగుమతి అయింది. మనవాళ్ళు గోధుమ తినేవారా అని నీవు అడుగుతావు, నాకు తెలుసు. తినేవారు కాదు, కానీ తిండిగింజల బజారు ఒక్కటే అయ్యాక గోధుమ ఓడెక్కితే జొన్న ధర కూడా కదులుతుంది.

నాకు అన్నింటికంటే మింగుడుపడనిది రిచర్డ్ టెంపుల్ అనే ఇంగ్లీషు అధికారి కథ. 1874లో బీహారు కరువు వచ్చినప్పుడు ఇతడే బర్మా నుంచి బియ్యం తెప్పించి, ఆకలి చావులను చాలావరకు ఆపాడు. ఫలితంగా మెప్పుకు బదులు దుబారా చేశాడని తిట్లు తిన్నాడు. ఆ మచ్చ చెరుపుకోవడానికో ఏమో, 1877లో దక్షిణాదికి పంపినప్పుడు ఆకలిగొన్నవాళ్ళ చేత సర్కారు చేయించే కరువు పనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యానికీ ఒక అణాకూ కుదించాడు. పౌను అంటే సుమారు 450 గ్రాములు. మొన్న అన్ని జొన్నలు తూచి విసిరించి చూశాను: నాలుగు రొట్టెలు అయ్యాయి, గుప్పెడు పిండి మిగిలింది. నేను రోజంతా కుర్చీలో కూర్చునేవాణ్ణి, అయినా సాయంత్రానికి నాకు ఆకలి తీరలేదు. వాళ్ళు ఎండలో కంకర కొట్టి, మట్టి మోసి అంతమాత్రమే తిన్నారు. మద్రాసు ఆరోగ్య కమిషనర్ కార్నిష్ ఇది బతికించే తిండి కాదని గట్టిగా వాదించాడు, కొన్ని నెలలు గడిచాక గానీ కూలి పెంచలేదు.

చావుల లెక్క తక్కువలో తక్కువ 55 లక్షలు, కోటి అన్నవారూ ఉన్నారు. కర్నూలు జిల్లా జనాభా 1871 లెక్కలకూ 1881 లెక్కలకూ నడుమ దాదాపు నాలుగో వంతు తగ్గింది. వీరిలో చాలామందిని తీసుకెళ్ళింది నేరుగా ఆకలి కాదు. వానలు తిరిగి వచ్చాక చలిజ్వరాలు పట్టుకుంటే, ఎండిన ఒంటికి వాటిని తట్టుకునే శక్తి లేకపోయింది. పశువులు చచ్చిపోగా, వాన పడిన నాడు దున్నడానికి ఎద్దులు లేవు. భూమి తాకట్టులోకి పోయింది. బట్ట కొనేవాడు లేక సాలెవాళ్ళు అందరికంటే ముందే పస్తులున్నారు. ఎందరో తెలుగువాళ్ళు కూలికి ఓడలెక్కి రంగూనుకు, మారిషస్‌కు, దక్షిణాఫ్రికాలోని నేటాలుకు పోయారు.

దీని తరువాత కరువు కమిషన్ కూర్చుంది, 1883లో కరువు నియమావళి వచ్చింది. ఎప్పుడు పనులు తెరవాలి, ఎవరికి ఊరికే తిండి పెట్టాలి అన్నీ రాసుకున్నారు. రాత బాగుంది. కానీ 1943లో బెంగాల్‌లో సుమారు 30 లక్షల మంది పోతున్నప్పుడు ఆ నియమావళి ప్రకారం కరువని ప్రకటించనే లేదు, ప్రకటిస్తే తిండి పెట్టవలసి వస్తుంది కదా!

ఆ రెండో ప్రపంచ యుద్ధ కాలంలోనే మీ నల్లగొండలో లెవీ ధాన్యం, అంటే సర్కారుకు తప్పనిసరిగా ఇవ్వవలసిన ధాన్యం, వసూలు నడిచింది. భూస్వామి దొరల గడీలలో గింజల గరిసెలు కదలకుండా ఉంటే, పటేలు పట్వారీలు చిన్న రైతు ఇంట్లో మిగిలిన గింజలు కొలిపించుకుపోయారు. అది మీ నాన్నగారు కళ్ళారా చూసిన కాలం. ఆయనకు ఓపిక ఉన్న పూట అడిగి, ఎన్ని కుంచాలు కొలిచారో, కొలిచేటప్పుడు ఎవరు నిలబడ్డారో ఉన్నదున్నట్టు రాసి పంపు.

మేస్త్రి పాతరను మట్టితో పూడ్చేద్దామంటున్నాడు. కాలువను రెండు గజాలు పక్కకు జరపమన్నాను, అతనికి కోపం వచ్చి రెండు రోజులుగా పనికి రావడం లేదు. అత్త మాత్రం మూతి దగ్గర మంచం వేయించుకుని కోళ్ళు అందులో పడకుండా కాపలా కాస్తోంది.

నీ
శ్రీశైలం