బయటికి పోయే డేటా లెక్క ఎవరు చూస్తున్నారు?

సంపాదకులకు నమస్కారం.

డేటా చోరీ వార్త వచ్చినప్పుడల్లా చర్చ పాస్‌వర్డ్‌ల దగ్గర, యాంటీవైరస్ దగ్గర ఆగిపోతోంది. 2023 మార్చిలో సైబరాబాద్ పోలీసులు 16.8 కోట్ల మంది వివరాలు అమ్ముతున్న ముఠాను పట్టుకున్నప్పుడూ ఇదే జరిగింది. లోపలికి ఎవరు రాగలరన్న ప్రశ్న అందరూ వేస్తారు. ఏ కంప్యూటర్ నుంచి, ఏ వేళకు, ఎంత డేటా బయటికి పోయిందన్న ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు. దానికి జవాబు ఆఫీసు నెట్‌వర్క్ గుమ్మంలో రాకపోకలను తనిఖీ చేసే ఫైర్‌వాల్, ఫైళ్లుండే సర్వర్ రాసుకునే లాగ్‌లలోనే, అంటే ఏది ఎప్పుడు జరిగిందో రాసే చిట్టాల్లోనే ఉంటుంది. అమీర్‌పేట డయాగ్నస్టిక్ సెంటరైనా, హిమాయత్‌నగర్ ఆడిటర్ ఆఫీసైనా, జీడిమెట్ల మందుల కంపెనీ అయినా ఈ లాగ్‌లు చూసే పని పెద్ద ఖర్చు లేకుండా చేసుకోవచ్చు. అందుకే ఈ ఉత్తరం.

మొదటి చిక్కు, లాగ్ ఉందనుకుంటాం గానీ ఉండదు. చిన్న ఫైర్‌వాల్‌లు చాలావాటిలో డిస్క్ ఉండదు. లాగ్ మెమరీలోనే ఉంటుంది, కరెంటు పోయి వస్తే అదీ పోతుంది. విండోస్‌లో సెక్యూరిటీ లాగ్ సైజు మనం మార్చకపోతే 20 ఎంబీనే. రద్దీగా ఉండే ఫైల్ సర్వర్‌లో అది కొన్ని గంటల్లో నిండి, పాతవాటి మీదే కొత్తవి రాసుకుంటుంది. ఇంతకన్నా పెద్ద లోపం మరొకటుంది. చాలాచోట్ల ఫైర్‌వాల్ తాను అడ్డుకున్న కనెక్షన్లనే రాస్తుంది, అనుమతించినవి రాయదు. దొంగ డేటా తీసుకుపోయేది అనుమతి ఉన్న దారిలోనే, అంటే మామూలు వెబ్‌సైట్లు తెరిచే 443 పోర్టులోనే. కాబట్టి అనుమతించిన ప్రతి రూల్ మీదా లాగింగ్ ఆన్ చేయాలి. అదీ కనెక్షన్ ముగిశాక రాసేలా పెట్టాలి. పంపిన బైట్లు, అందుకున్న బైట్లు అప్పుడే తేలతాయి. మొదలైనప్పుడు రాస్తే ఆ లెక్క తేలదు.

రెండోది, లాగ్‌లన్నీ వేరే మిషన్‌కు చేరాలి. చొరబడినవాడు జాడ దొరక్కుండా లాగ్‌ను చెరిపేయొచ్చు. విండోస్‌లో సెక్యూరిటీ లాగ్ చెరిపితే 1102 నంబరు ఈవెంట్, అంటే ఆ నంబరుతో ఒక నమోదు, పడుతుంది. ఆ నంబరు కనిపిస్తే మిగతా పనులు పక్కన పెట్టి చూడాల్సిందే. పాతిక కంప్యూటర్ల లోపు ఆఫీసుకు 4 కోర్లు, 8 జీబీ ర్యామ్ ఉన్న మిషన్ మీద లాగ్‌లను ఒకచోట చేర్చి చూపే వాజూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ హాయిగా నడుస్తుంది. డిస్క్ ఎంత కావాలో ఊహించక్కర్లేదు. ఒక వారం నడిపి, చేరినదాన్ని 7తో భాగించి, లాగ్‌లు దాచాల్సిన రోజుల సంఖ్య 180తో హెచ్చిస్తే చాలు. లాగ్‌లను యూడీపీ అనే పద్ధతిలో కాకుండా, అందిందో లేదో సరిచూసుకునే టీసీపీ పద్ధతిలో పంపండి. యూడీపీలో కొన్ని దారిలో పడిపోయినా ఎవరికీ తెలియదు. గడియారాలన్నీ సరైన సమయం చెప్పే ఒకే ఎన్‌టీపీ సర్వర్‌కు కట్టాలి. ఒక పరికరం భారత కాలమానంలో, మరొకటి ప్రపంచ ప్రామాణిక సమయమైన యూటీసీలో రాస్తే మధ్యలో అయిదున్నర గంటల తేడా వస్తుంది. అర్ధరాత్రి జరిగింది సాయంత్రం జరిగినట్టు కనిపించి, విచారణ తప్పు మనిషి మీదికి పోతుంది.

ఇక చూడడం ఎలా? ఆఫీసు కంప్యూటర్ సాధారణంగా పంపేదానికన్నా తెచ్చుకునేదే చాలా ఎక్కువ. ఆ లెక్క తలకిందులైన మిషన్‌ను ముందు పట్టుకోవాలి. అయితే న్యాయంగా తలకిందులయ్యేవీ ఉంటాయి. క్లౌడ్ బ్యాకప్, సీసీ కెమెరాల రికార్డింగ్, రేడియాలజిస్టుకు పంపే సీటీ స్కాన్‌లు అలాంటివి. ఒక్క స్కాన్ వందల ఎంబీ ఉండొచ్చు. అందుకని ముందు కనీసం ఒక నెల మామూలు రోజుల లెక్క తీయాలి. ఆడిటర్ ఆఫీసులో అయితే జీఎస్టీ రిటర్న్‌లు వేసే 11, 20 తేదీలు ఆ నెలలో కలవాలి. లేకపోతే ప్రతి నెలా ఆ రోజుల్లో అలారం మోగుతుంది, నాలుగో నెలకు దాన్ని పట్టించుకునేవాళ్లు ఉండరు.

రోజువారీ పరిమితి ఒక్కటే పెట్టుకుంటే మోసపోతాం. 100 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న లైన్ మీద 50 జీబీ సుమారు 67 నిమిషాల్లో పోతుంది. దాన్ని ఎవరైనా గమనిస్తారు. ఓపికున్న దొంగ గంటకు 20 ఎంబీ చొప్పున పంపిస్తాడు. అది రోజుకు 480 ఎంబీ, ఎవరి కంటా పడదు. 90 రోజులకు మాత్రం 43 జీబీ దాటుతుంది. కాబట్టి ఒక్కో కంప్యూటర్ ఒక్కో గమ్యానికి, అంటే బయటి సర్వర్‌కు, 30 రోజుల్లో మొత్తం ఎంత పంపిందో కూడి, పెద్దది పైన ఉండేలా పట్టిక వేయాలి. మా అనుభవంలో ఇంత ఫలితమిచ్చే పని మరొకటి లేదు. నెలలో ముందెన్నడూ చూడని గమ్యం పై పది వరుసల్లోకి వస్తే అది ఎవరిదో అడిగి తెలుసుకోవాలి. ఫైళ్లను క్లౌడ్‌కు పంపే ఆర్‌క్లోన్, మెగాసింక్ వంటి ప్రోగ్రాములు ఎవరూ వేయమనకుండా సర్వర్ మీద నడుస్తున్నా అంతే. ఇవి మంచి పనికీ వాడేవే, కాబట్టి యాంటీవైరస్ వాటిని ఆపకపోవచ్చు. ప్రోగ్రాం మొదలైనప్పుడు పడే 4688 ఈవెంట్ ఆన్‌లో ఉంటే పేరు బయటపడుతుంది.

వెబ్‌సైట్ పేరు (డొమైన్) చెబితే దాని ఇంటర్నెట్ చిరునామా వెతికిపెట్టే డీఎన్‌ఎస్ సంగతి మరిచిపోకూడదు. వెబ్ దారి మూసినచోట డేటాను ముక్కలు చేసి, డొమైన్ పేర్లలో ఇరికించి పంపుతారు. చుక్కకూ చుక్కకూ మధ్య 63 అక్షరాల దాకా, మొత్తం పేరు 253 దాకా పోవచ్చు. ఒకే డొమైన్ కింద అర్థంపర్థం లేని పొడవాటి పేర్లు వేలల్లో అడుగుతున్న కంప్యూటర్‌ను అనుమానించాలి. ఇది కనబడాలంటే ఆఫీసు డీఎన్‌ఎస్ సర్వర్ తప్ప మరెవరూ బయటి డీఎన్‌ఎస్‌ను అడగకుండా ఫైర్‌వాల్‌లో ఆపాలి. బ్రౌజర్లలో గుప్తంగా పోయే డీఎన్‌ఎస్ సదుపాయాన్ని ఆఫ్ చేయాలి.

ఇంటి మనిషే దొంగ అయినప్పుడు ఫైర్‌వాల్ కన్నా ఫైల్ సర్వర్ ఎక్కువ చెబుతుంది. ఫైల్ తెరిచినప్పుడు పడే 4663 ఈవెంట్‌ను ముఖ్యమైన రెండు మూడు ఫోల్డర్లకే పెట్టండి. డ్రైవ్ మొత్తానికి పెడితే లాగ్ వరదలో అసలుది మునిగిపోతుంది. రోజుకు 40 రోగుల ఫైళ్లు తెరిచే ఉద్యోగి లాగిన్ నుంచి ఒక గంటలో 4,000 తెరుచుకుంటే కారణం కనుక్కోవాలి. పెన్‌డ్రైవ్‌లో పోయింది ఫైర్‌వాల్‌కు కనపడదు. దానికి 6416 ఈవెంట్ ఉంది, కొత్త పరికరం గుచ్చినప్పుడు పడుతుంది. స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో తీస్తే అది ఏ లాగ్‌లోనూ కనపడదు, ఆ మాట దాచడం మంచిది కాదు. ఖర్చు లేని ఉపాయం ఒకటుంది: ఎవరికీ అవసరం లేని ఒక ఉత్తుత్తి ఫైల్‌కు ఆశపుట్టే పేరు పెట్టి ముఖ్యమైన ఫోల్డర్‌లో ఉంచి, బ్యాకప్ లాగిన్‌ను మినహాయించి, ఎవరు తెరిచినా అలారం వచ్చేలా పెట్టండి. దాన్ని తెరవాల్సిన పని ఎవరికీ లేదు కాబట్టి అది మోగితే దాదాపు ఎప్పుడూ నిజమే.

అలారాలు అయిదారుకు మించితే ఎవరూ చదవరు. వాటిలో ఒకటి మాత్రం మౌనం మీద ఉండాలి. ఏ పరికరం నుంచైనా 15 నిమిషాలు లాగ్ రాకపోతే అది మోగాలి. నెట్‌వర్క్ చూసే వ్యక్తి చేతిలోనే లాగ్ మొత్తం పెట్టకుండా, ఇంకొకరు కూడా చూసే ఏర్పాటు ఉండాలి. ఏమేం నమోదవుతోందో సిబ్బందికి రాతపూర్వకంగా చెప్పడం న్యాయం.

దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని మన సామెత. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు దాచాల్సిందీ సరిగ్గా 180 రోజులే. ఆలస్యంగా మొరిగినా జాడ దొరకాలంటే ఆ 180 రోజులూ నిజంగా ఉండాలి. సంఘటన గమనించిన 6 గంటల్లో సెర్ట్-ఇన్‌కు తెలపాలని కూడా ఆ ఆదేశాల్లోనే ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో భద్రతా చర్యలు తీసుకోని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా ఉంది. అనుమానం రాగానే కంప్యూటర్‌ను ఫార్మాట్ చేయకండి, ఆఫ్ కూడా చేయకండి. నెట్ కేబుల్ తీసి, వైఫై ఆపి, లాగ్‌లను మరో డిస్క్‌లోకి కాపీ చేసి, ఆ కాపీకి హ్యాష్ విలువ, అంటే ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా మారిపోయే వేలిముద్ర లాంటి సంఖ్య, రాసిపెట్టుకోండి. కోర్టు దాకా వెళ్తే అది పనికొస్తుంది.

నగరంలో చిన్న సంస్థల ఫైర్‌వాల్ పాస్‌వర్డ్ చాలాసార్లు ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) తీసుకున్న విక్రేత దగ్గరే ఉంటుంది. వచ్చేసారి ఆ కాగితం మీద సంతకం పెట్టే ముందు యజమానులు మూడు షరతులు రాయించుకోవాలని మనవి. అనుమతించిన కనెక్షన్ల లాగ్ మా మిషన్‌కు రావాలి, 180 రోజుల నిల్వను మూడు నెలలకోసారి తెరిచి చూపించాలి, 30 రోజుల పట్టిక ప్రతి నెల మొదటి వారంలో మా చేతికి ఇవ్వాలి.

ఇట్లు,
నెట్‌వర్క్ భద్రతా విభాగంలో పనిచేస్తున్న కొందరు ఉద్యోగులు,
హైదరాబాద్.