దివ్యాంగుల సంస్థలకు గ్రాంటు మొదటి వాయిదా జూన్ లోపే ఎందుకు ఇవ్వరు?

సంపాదకుడు గారికి,

కేంద్ర బడ్జెట్ వచ్చిన ప్రతిసారీ దివ్యాంగుల సాధికారత విభాగానికి ఎంత కేటాయించారన్న దాని మీదే చర్చ నడుస్తుంది. 2024-25లో సుమారు 1,225 కోట్లు, 2025-26లో 1,275 కోట్లు. నాలుగు శాతం పెంపు ఏ మూలకని అడిగేవారితో మాకు పేచీ లేదు. అయితే ప్రత్యేక పాఠశాలలు, పునరావాస కేంద్రాలు నడిపే స్వచ్ఛంద సంస్థల నడ్డి ఎక్కువగా విరుస్తున్నది ఆ డబ్బు చేతికందే తేదీ. దాని ఊసు పత్రికల్లో అరుదు.

ఈ సంస్థలకు కేంద్రం నుంచి వచ్చే ప్రధాన ఆసరా దీనదయాళ్ పునరావాస పథకం, అందరూ అనే మాటలో డీడీఆర్‌ఎస్. ఆమోదించిన ఖర్చులో 90 శాతం వరకు ఇస్తారు, మిగతాది సంస్థే విరాళాలతో నెట్టుకురావాలి. గ్రాంటు దరఖాస్తుల కోసం ఉన్న ఈ-అనుదాన్ పోర్టల్‌లో ప్రతిపాదన పెట్టాక జిల్లా అధికారి తనిఖీకి వస్తారు, రాష్ట్రం సిఫార్సు చేస్తుంది, ఢిల్లీలో పరిశీలిస్తారు, ఆపైన కేంద్రం చెల్లింపుల వ్యవస్థ పీఎఫ్‌ఎంఎస్ ద్వారా సొమ్ము జమ అవుతుంది. ఏ బల్ల దగ్గర జరిగే పనిని దానికది చూస్తే తప్పు పట్టలేం. అన్నీ ఒకదాని వెనక ఒకటి నడిచేసరికి ఏడాది అయిపోతుంది, ఒక్కోసారి ఆ పై ఏడాదీ సగం గడుస్తుంది. స్పెషల్ టీచరుకు, ఆయాకు, వ్యాను డ్రైవరుకు మాత్రం జీతం ప్రతి నెలా ఇవ్వాల్సిందే.

ఊరికే లెక్క కోసం ఏడాదికి 30 లక్షల ఆమోదిత ఖర్చున్న పాఠశాలను తీసుకుందాం. గ్రాంటు 27 లక్షలు, సొంత వాటా 3 లక్షలు. ఖర్చు నెలనెలా సమానంగా అవుతుందనీ, గ్రాంటు వచ్చేదాకా 12 శాతం వడ్డీకి అప్పు తెచ్చి నడుపుతున్నారనీ అనుకోండి. గ్రాంటు అదే ఏడాది మార్చి 31న వస్తే వడ్డీ 1.62 లక్షలు. మరుసటి ఏడాది మార్చి 31న వస్తే 4.86 లక్షలు. గ్రాంటులో వడ్డీకి పద్దు లేదు కనుక అది సంస్థ నెత్తినే పడుతుంది. కాగితం మీద పది శాతం ఉన్న సొంత వాటా నిజానికి 26 శాతం దాటింది. కేటాయింపు పైసా తగ్గకుండానే కోత పడిందన్నమాట.

ఆలస్యం అక్కడితో ఆగదు, లెక్కల్లోకీ పాకుతుంది. వినియోగ ధ్రువపత్రం, అంటే యూసీ, ప్రభుత్వ సొమ్ము ఖర్చుకు కేంద్రం పెట్టుకున్న సాధారణ ఆర్థిక నిబంధనల్లోని 12-ఏ నమూనాలో ఇవ్వాలి. గడులు వరసగా ఇవి: గత ఏడాది మిగులు, దాని మీద వడ్డీ, ప్రభుత్వానికి తిరిగి కట్టిన వడ్డీ, ఈ ఏడాది వచ్చిన గ్రాంటు, మొత్తం నిధులు, ఖర్చు, చివరి నిల్వ. డబ్బు ముందు వచ్చి ఆ తర్వాత ఖర్చవుతుందన్న ఊహ మీద గీసిన పట్టిక ఇది. 2023-24 గ్రాంటు 2025 మార్చిలో వచ్చిందనుకోండి, ఖర్చయిన ఏడాదిలో రాబడి లేదు, రాబడి వచ్చిన ఏడాదిలో ఆ ఖర్చు లేదు. ఆడిటర్ జమాఖర్చుల పట్టికా, యూసీ అంకెలూ కలవవు. కలవలేదని ఫైలు వెనక్కి వస్తుంది. అప్పు తెచ్చి కట్టిన జీతాలను ఏ గడిలో చూపాలో చెప్పే వివరణ ఆ పత్రంలో ఎక్కడా లేదు.

ఆదాయపు పన్ను చిక్కు దీనికి తోడు. ధర్మాదాయ సంస్థలు ఆ ఏడాది రాబడిలో 85 శాతాన్ని ఆశయాల కోసం ఖర్చు చేయాలి, లేదా నిర్దిష్ట ప్రయోజనం రాసి గడువులోగా ఫారం దాఖలు చేసి కూడబెట్టుకోవాలి. 2021 ఫైనాన్స్ చట్టం తర్వాత రెండు తలుపులు బిగిశాయి. అప్పుతో పెట్టిన ఖర్చు అప్పుడే లెక్కకు రాదు, అప్పు తీర్చిన ఏడాదిలోనే వస్తుంది. గత ఏడాది రాబడికి మించి చేసిన ఖర్చును ఈ ఏడాదికి తెచ్చుకోవడం కుదరదు. కాబట్టి పాత నిల్వలు కరిగించి జీతాలిచ్చిన సంస్థ కన్నా బ్యాంకు అప్పు తెచ్చుకున్న సంస్థకే పన్ను విషయంలో నయం! మార్చి చివరి వారంలో రెండేళ్ల గ్రాంటు ఒకేసారి పడితే ట్రస్టీలు సంబరపడేముందు ఆడిటర్‌కు ఫోన్ చేయడం మంచిది.

తప్పంతా ప్రభుత్వానిదే అనలేం. వెనక్కి వచ్చే ఫైళ్లలో చాలావాటికి కారణం సంస్థల అశ్రద్ధే. విరాళాల ఖాతాలోనే గ్రాంటు జమ చేయించుకోవడం, దాని మీద వచ్చిన వడ్డీని కేంద్రానికి సొమ్ము కట్టే భారత్‌కోష్ పోర్టల్‌లో కట్టకపోవడం, సీఏ సంతకం ఉండి ఆ పత్రానికి ఉండాల్సిన యూడిన్ గుర్తింపు సంఖ్య లేకపోవడం, స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే దర్పణ్ పోర్టల్‌లో సంస్థ పేరు ఒకలా పాన్‌లో మరోలా ఉండటం, పునరావాస మండలిలో టీచరు రిజిస్ట్రేషన్ గడువు దాటడం. ఇవన్నీ ఒక్క వారం కూర్చుంటే సరిదిద్దుకోగలిగేవి. మరో వైపు, మొదటిసారి చూసినప్పుడే అన్ని లోపాలూ చెప్పకుండా ఒకటి సరిచేశాక ఇంకొకటి అడిగే పద్ధతి కూడా పోవాలి. లోపాల జాబితా ఒక్కసారే, ప్రతిపాదన అందిన 30 రోజుల్లోపు ఇవ్వాలన్న నియమం పెడితే సగం ఆలస్యం తగ్గుతుంది.

మిగతా సగానికి మందు ఉన్న నిబంధనల్లోనే ఉంది. 2017 సాధారణ ఆర్థిక నిబంధనల్లో 238వది యూసీల గురించినది. ఏటా ఇచ్చే గ్రాంటుల విషయంలో మంజూరైన మొత్తంలో 75 శాతం మించి విడుదల చేయాలంటేనే గత ఏడాది ఆడిట్ లెక్కలు అందాలని అది చెబుతుంది. అంటే ఆడిట్ పూర్తయ్యేదాకా పైసా కదలకూడదని ఎక్కడా లేదు. ఏప్రిల్‌లో యూసీ తీసుకుని, గత తనిఖీలో ప్రతికూల వ్యాఖ్య లేని సంస్థలకు గత ఏడాది మంజూరు ప్రకారమే మొదటి వాయిదా జూన్ లోపు విడుదల చేయవచ్చు. పిల్లల సంఖ్యలో తేడా ఉంటే రెండో వాయిదాలో సర్దుకోవచ్చు. తప్పుడు సంస్థలు దోచుకుంటాయన్న భయం ఉన్నచోట ఆకస్మిక తనిఖీ చేయండి, ముందుగా చెప్పి వచ్చే తనిఖీ కన్నా అదే ఎక్కువ పనికొస్తుంది.

ఖర్చు ప్రమాణాల సంగతి, అంటే ఏ పద్దుకు ఎంత వరకు ఇస్తారన్నది కూడా ఇప్పుడే తేలాలి. 2018 ఏప్రిల్ నుంచి అమలైన సవరణలో వాటిని ఒక్కసారిగా సుమారు రెండున్నర రెట్లు పెంచారు. అంత పెంచాల్సి వచ్చిందంటే అంతకుముందు ఎంతకాలం కదలకుండా ఉన్నాయో ఊహించుకోవచ్చు. కేంద్ర పథకాల కొనసాగింపును ఆర్థిక సంఘం కాలాలకు ముడిపెట్టే పద్ధతి ఉంది. 16వ సంఘం కాలం 2026 ఏప్రిల్ 1తో మొదలైంది కాబట్టి, ఏటా ధరల సూచీ ప్రకారం ప్రమాణాలు వాటంతటవే పెరిగే వాక్యం ఒకటి మార్గదర్శకాల్లో చేర్చాలి. సిబ్బంది జీతానికి గౌరవ వేతనం అని పేరు పెట్టినంత మాత్రాన పనిచేసేవారు ఉద్యోగులు కాకుండా పోరు. సిబ్బంది ఇరవై మందికి చేరిన సంస్థకు పీఎఫ్ వర్తిస్తుంది, యజమాని వాటాకు ప్రమాణాల్లో చోటుండాలి.

దివ్యాంగులకు ఇచ్చే విశిష్ట గుర్తింపు కార్డు యూడీఐడీ గురించి ఒక్క మాట. 2023 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర పథకాలకు ఆ సంఖ్య తప్పనిసరి చేసినప్పుడు, కార్డు ఇంకా రానివారు ఎన్‌రోల్‌మెంట్ సంఖ్య ఇస్తే చాలన్నారు. ధ్రువీకరణకు వైద్యాధికారులకు ఉన్న నెల గడువును 2024లో మూడు నెలలు చేశారు. వైకల్యాన్ని ధ్రువీకరించే పాత సదరం సర్టిఫికెట్‌తో జూన్‌లో చేరిన పిల్లవాడిని కార్డు రాలేదని జాబితాలోంచి కొట్టేయకుండా, ఎన్‌రోల్‌మెంట్ సంఖ్యను అంగీకరించాలని తనిఖీకి వచ్చేవారికి రాతపూర్వకంగా చెప్పాలి.

రాష్ట్రాల చేతిలో ఉన్నది సంస్థల రిజిస్ట్రేషన్. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అది లేకుండా సంస్థ నడపకూడదు, గ్రాంటుకూ అదే ఆధారం. కొత్త దరఖాస్తును 90 రోజుల్లో తేల్చాలని చట్టంలోనే ఉంది. గడువు ముగియడానికి కనీసం 60 రోజుల ముందు రెన్యువల్‌కు దరఖాస్తు చేయాలి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సకాలంలో దరఖాస్తు చేసిన సంస్థకు, ఉత్తర్వు వచ్చేదాకా పాత సర్టిఫికెట్ చెల్లుతుందని ఒక మెమో ఇస్తే చాలు, దానికి బడ్జెట్ అక్కర్లేదు. సంస్థలు తమవంతుగా దరఖాస్తు అందినట్టు తేదీతో రసీదు తీసుకుని, దాని ప్రతిని ఈ-అనుదాన్ ప్రతిపాదనకు జత చేయాలి.

— దివ్యాంగుల సేవా సంస్థల లెక్కలు చూసే ఒక పాఠకుడు