ముందు కళ్లు చూపించండి

సంపాదకులకు,

అయ్యా,

మా అమ్మకు 79 ఏళ్లు. ఒక కన్ను నీటికాసులతో ఎప్పుడో పోయింది, రెండో కంట్లో శుక్లం ముదిరింది. పోయిన కార్తీకంలో ఒక సాయంత్రం వరండాలో కూర్చుని, "ఎదురు గోడ మీద అంత పెద్ద ముగ్గు ఎవరేశార్రా?" అని అడిగింది. గోడ మీద సున్నం తప్ప ఏమీ లేదు. అదేం మాటమ్మా అంటే గమ్మునైపోయింది. రెండు రోజులు బతిమాలితే చెప్పింది. ఆరు నెలలుగా గోడల మీద చుక్కల ముగ్గులు, గళ్లు కనబడుతున్నాయట. ఒక్కోసారి పట్టు పావడాలు కట్టుకున్న మూరెడు పిల్లలు వరసగా నడిచిపోతారట. మాట్లాడరు, ఆమె వైపు చూడనైనా చూడరు. "అవి లేవని నాకు తెల్సురా. చెబితే పిచ్చిదాన్నంటారని చెప్పలా" అంది.

బంధువులొకరు గాలి సోకిందన్నారు. తాయెత్తు కట్టించాం, దిష్టి తీయించాం. నేను చదువుకున్నవాణ్ణే, అయినా దగ్గరుండి కట్టించాను. తర్వాత ఒక ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్తే పది నిమిషాల్లో మానసిక జబ్బని తేల్చి నిద్ర మాత్రలు రాశారు. అవి వేసుకున్న వారంలో అమ్మ రెండుసార్లు బాత్రూం దగ్గర పడింది. కళ్లు ఎలా ఉన్నాయని ఒక్కరూ అడగలేదు. చివరికి శుక్లం ఆపరేషన్‌కి వెళ్లినప్పుడు కంటి డాక్టరే, ఫైలు పక్కన పెట్టి, "అవ్వా, లేనివేమన్నా కనబడుతున్నాయా?" అని అడిగారు. అమ్మ అక్కడే ఏడ్చేసింది.

దీన్ని చార్లెస్ బోనే సిండ్రోమ్ అంటారు. స్విట్జర్లాండ్‌కు చెందిన ప్రకృతి శాస్త్రవేత్త బోనే, శుక్లాలతో చూపు బాగా తగ్గిన తన తాతకు మనుషులు, పక్షులు, బళ్లు, మేడలు కనబడుతున్నాయని 1760లోనే రాసిపెట్టారు. ఆ తాతకు బుద్ధిలో ఏ లోపమూ లేదు. డాక్టరు చెప్పినదాంట్లో నాకు అర్థమైంది ఇంతే: కళ్ల నుంచి రావలసింది రాకపోతే, చూపు చూసే మెదడు భాగం ఖాళీగా కూర్చోదు, తన దగ్గరున్న బొమ్మల్నే బయటికి తీసి ఆడిస్తుంది. శుక్లమైనా, నీటికాసులైనా, షుగరు వల్ల రెటీనా దెబ్బతిన్నా ఇలా జరగొచ్చు. బొమ్మలు కనబడతాయే గానీ మాటలు వినబడవు. కళ్లు అటూ ఇటూ గబగబా తిప్పినా, లైటు వేసినా కొంతమందికి పోతాయి. ఆపరేషన్ అయ్యాక అమ్మకు బాగా తగ్గాయి. అయితే ఆపరేషన్‌కి ముందే, ఇది పిచ్చి కాదని డాక్టరు చెప్పిన రోజు నుంచే, ఆమె మళ్లీ కడుపునిండా అన్నం తిన్నది.

కళ్లు బాగున్నవాళ్లకూ కనబడతాయి. నిద్ర పట్టే ముందు, మెలకువ వచ్చే ముందు మంచం పక్కన ఎవరో నిలబడ్డట్టు అనిపించనివాళ్లు ఎంతమంది? వేల్స్‌లో రీస్ అనే డాక్టరు భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందిని అడిగి 1971లో ఆ వివరాలు అచ్చువేశారు. దాదాపు సగం మందికి పోయినవాళ్లు ఇంకా దగ్గరే ఉన్నట్టు తెలిసిందట, కొందరికి కంటికే కనబడ్డారట. ఎక్కువ మంది అప్పటిదాకా ఎవరితోనూ అనలేదు. పిండం పెట్టి కాకి కోసం ఎదురుచూసే మనకు ఇదేమంత వింత కాదు.

జబ్బు సంగతి వేరు. మా వీధి చివర ఇరవై రెండేళ్ల కుర్రాడున్నాడు. వాడికి మనుషులు కనబడటమే కాదు, తిట్లు కూడా వినబడతాయి. అవేం లేవు నాయనా అంటే ఒప్పుకోడు, అన్నంలో విషం కలిపారంటాడు. స్కిజోఫ్రెనియా అనే ఈ మానసిక జబ్బులో మాటలు వినబడటమే ఎక్కువ. వాడికి కావలసింది క్రమం తప్పని మందులు. వాళ్లింట్లో కొన్నాళ్లు మంచానికి గొలుసు వేసి కట్టారు. 2001 ఆగస్టులో తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగుల్ని గొలుసులతో కట్టి ఉంచిన చోట నిప్పంటుకున్నప్పుడు 28 మంది గొలుసులు విడిపించుకోలేకే కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వేయడాన్ని నిషేధించింది. ఆ మాట మా వీధిదాకా ఇంకా రాలేదు.

ఒక హెచ్చరిక మాత్రం విడిగా చెప్పాలి. రోజూ తాగే మనిషి ఒక్కసారిగా మానేసిన రెండో రోజో మూడో రోజో పురుగులు పాకుతున్నాయని చేతులు దులుపుకుంటుంటే, జ్వరంతో ఉన్న ముసలాయన ఉన్నట్టుండి అయోమయంగా లేనిది చూపిస్తుంటే, అది తెల్లారేదాకా ఆగే పని కాదు. ప్రాణం మీదికొస్తుంది. 108కి ఫోన్ చేయాలి.

జిల్లా వైద్యాధికారులను అడిగేది పెద్ద ఖర్చు పని కాదు. ఊళ్లలో పెట్టే కంటి శిబిరాల్లో "లేనివేమన్నా కనబడుతున్నాయా?" అన్న ఆ ఒక్క ప్రశ్న అడిగించండి. ఆశా కార్యకర్తలకు కూడా నేర్పండి. ప్రపంచ మానసిక ఆరోగ్య దినం అక్టోబరు 10, దృష్టి దినం అక్టోబరు రెండో గురువారం, రెండూ నాలుగు రోజుల తేడాలోనే వస్తాయి. కంటి డాక్టరునీ మానసిక వైద్యుణ్నీ ఒకే షామియానా కింద కూర్చోబెట్టొచ్చు. ఇక మన అనుమసముద్రంపేట దర్గాకి మానసిక జబ్బున్నవాళ్లను ఎక్కడెక్కడి నుంచో తీసుకొస్తారు. ఎవరి నమ్మకాన్నీ కాదనను, తాయెత్తు కట్టించినవాణ్ణి నేను. గుజరాత్‌లో మీరా దాతార్ దర్గా దగ్గర దువాతో (ప్రార్థనతో) పాటు దవా (మందు) కూడా ఇప్పించే ఏర్పాటు చేశారు. జనం మొక్కులకు వచ్చే చోట్ల అలాంటిది ఇక్కడా ఉండాలి. ఇంట్లో ఎవరితో మాట్లాడాలో తెలియనివాళ్లకు ఫోన్లోనే మానసిక ఆరోగ్య సలహా ఇచ్చే ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, డబ్బు కట్టక్కర్లేదు.

ఈ ఉత్తరం అమ్మకు చదివి వినిపించాను. పేరు వేయొద్దంది. ఊరి పేరు వేసుకోమంది.

ఇట్లు,
ఒక పాఠకుడు,
బుచ్చిరెడ్డిపాళెం, నెల్లూరు జిల్లా