సుక్కి కోలుకుంది, సాయం చేసిన అందరికీ దండాలు

అందరికీ నమస్కారం. విజయనగరం తోటపాలెంలో మా వీధి చివర టీకొట్టు ముందు పడుకునే సుక్కి మీలో చాలామందికి తెలుసు. నల్ల కుక్క, నుదుటి మీద తెల్ల చుక్క. దాని వైద్యానికి డబ్బులు పంపినవాళ్లు, ఎలా ఉందని ఫోన్ చేసి అడిగినవాళ్లు ఇంతమంది ఉంటారని నేను అనుకోలేదు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కుదరక ఇక్కడ రాస్తున్నాను. సుక్కికి కేన్సర్ తగ్గిపోయింది. గడ్డ మొత్తం కరిగిందని, ఇక ఇంజెక్షన్లు అక్కర్లేదని డాక్టరమ్మగారు చెప్పేశారు.

కుక్కకి కేన్సరేమిటి, అది తగ్గడమేమిటి అని ఇప్పటికీ కొందరు నవ్వుతున్నారు. అందుకే థాంక్స్‌తో పాటు జరిగింది కూడా కొంచెం చెప్పాలి. ఇంకో వీధిలో ఇంకో కుక్కకి పనికొస్తుంది.

సుక్కి పడుకుని లేచిన చోటల్లా రక్తం చుక్కలు కనిపించేవి. ఎదకొచ్చిందిలే అనుకున్నారు అందరూ. ఆడకుక్కకి ఎదలో రక్తం కనిపించడం మామూలే కానీ రెండు మూడు వారాల్లో ఆగిపోవాలి. దీనికి ఆగలేదు. మొదట చూపించిన చోట పుండనుకుని మాత్రలు, పూత మందు ఇచ్చారు. ఈలోగా వాసన మొదలైంది, ఈగలు ముసిరాయి. దాన్ని ఎక్కడైనా దూరంగా వదిలేద్దామని ఒకరు, అంతకన్నా ఘోరమైన మాట ఇంకొకరు అన్నారు. వాళ్ల ఊసు వదిలేద్దాం. టీకొట్టు మావయ్య మాత్రం అడ్డంగా నిలబడ్డాడు. "ఇక్కడే పుట్టింది, ఇక్కడే ఉంటాది. కంపు కొడితే ముక్కు మూసుకోండి, టీ ఎవుడు తాగమన్నాడు మిమ్మల్ని?" అన్నాడు. గిరాకీ తగ్గుతుందని తెలిసి కూడా అన్నాడు. మొదటి దండం ఆయనకే.

రెండోది పక్క వీధిలో ఉండే రిటైర్డ్ కాంపౌండర్ తాతగారికి. పశువుల ఆసుపత్రిలో పనిచేసిన మనిషి. కళ్లజోడు సర్దుకుని, తోక ఎత్తి చూసి, "ఇది పుండు కాదమ్మా, గడ్డ. కాలీఫ్లవర్‌లా ఉంది చూడు. గరివిడి తీసికెళ్లండి, బేగి" అన్నారు. ఆయన ఆ రోజు చూడకపోతే మేం ఇంకా పూత మందు రాస్తూనే ఉండేవాళ్లం.

గరివిడిలో పశువైద్య కళాశాల ఉందని మన ఊళ్లో చాలామందికి తెలుసు గానీ అక్కడ ఆవులు, గేదెలతో పాటు కుక్కల్ని కూడా చూస్తారని తెలిసినవాళ్లు తక్కువ. రక్తం కారుతున్న వీధికుక్కని ఎవరు ఎక్కించుకుంటారు? మా ఆటో తమ్ముడు ఎక్కించుకున్నాడు. సీటు మీద గోనెపట్టా పరిచి, నెల్లిమర్ల, గుర్ల మీదుగా మెల్లగా నడిపాడు. సుక్కి దారంతా వణుకుతూనే ఉంది. ప్రతిసారీ గ్యాసు ఖర్చు మాత్రమే తీసుకున్నాడు. ఆటో ఎవరు కడిగారని అడిగితే "అది మీకెందుకక్కా" అంటాడు.

అక్కడి డాక్టరమ్మగారికీ, విద్యార్థులకీ ఎన్నిసార్లు చెప్పినా చాలదు. గడ్డ నుంచి కొన్ని కణాలు తీసి గాజు స్లైడు మీద పూసి, రంగు వేసి మైక్రోస్కోపులో చూశారు. ఒక విద్యార్థిని నన్ను కూడా పిలిచి చూపించింది. గుండ్రటి కణాలు, వాటి లోపల చిన్న చిన్న ఖాళీ బుడగలు. దీన్ని టీవీటీ (ట్రాన్స్‌మిసిబుల్ వెనీరియల్ ట్యూమర్) అంటారట. కుక్క నుంచి కుక్కకి అంటుకునే కేన్సర్ ఇది. క్రిమి వల్ల రావడం కాదు, ఆ కేన్సర్ కణాలే జతకట్టినప్పుడు ఒక కుక్క నుంచి ఇంకో కుక్కలోకి వెళ్లి అక్కడ పెరుగుతాయి. మామూలు కుక్క కణంలో 78 క్రోమోజోములుంటే ఈ గడ్డ కణాల్లో అంతకంటే తక్కువ ఉంటాయి. అంటే సుక్కి ఒంట్లో పెరిగిన గడ్డ సుక్కిది కానే కాదు! ఎన్నో వేల ఏళ్ల కిందట ఏదో ఒక కుక్కలో పుట్టిన కణాలు అలా చేతులు మారుతూ మా తోటపాలెం దాకా వచ్చాయి. ఆ పిల్ల చెబుతుంటే నాకు ఒళ్లు జలదరించింది. రష్యాలో నోవిన్‌స్కీ అనే పశువైద్యుడు 1876లోనే ఈ గడ్డని ఒక కుక్క నుంచి ఇంకో కుక్కకి మార్చి చూపించాడని కూడా చెప్పింది. పరీక్షల్లో ఫస్టు వస్తుందనుకుంటాను.

వీధిలో పిల్లల తల్లులందరూ అడిగిన ప్రశ్న ఒక్కటే, మనకి అంటుతుందా అని. మనుషులకి అంటదు, పిల్లులకీ అంటదు. కుక్కల మధ్యే తిరుగుతుంది. మగకుక్కలకీ వస్తుంది. వాసన చూడటం, నాకడం వల్ల ఒక్కోసారి ముక్కులో, నోట్లో కూడా మొలుస్తుంది. కాబట్టి ఏ కుక్కకైనా ముక్కు నుంచి ఆగకుండా రక్తం కారుతుంటే దెబ్బ తగిలిందని వదిలేయకండి.

మందు పేరు విన్‌క్రిస్టిన్. పిల్లలకి రక్త కేన్సర్ వస్తే వాడే మందే. అది బిళ్ల గన్నేరు మొక్క నుంచి వస్తుందని విన్నాక మా వీధిలో ప్రతి ఇంటి ముందూ ఉన్న ఆ పూల వైపు అందరం కొత్తగా చూశాం. ఆ ఆకులు నూరి పోస్తే పోలేదా అని అప్పుడే ఒకాయన మొదలెట్టాడు. దయచేసి ఆ పని చేయకండి, అది విషం. ఈ ఇంజెక్షన్ కూడా రక్తనాళంలోకే ఎక్కాలి. బయటికి కారితే అక్కడి కండ, చర్మం కుళ్లిపోతాయి. అందుకే డాక్టరు చేతే చేయించాలి, ఇంట్లో చేసే పని కాదు. సాధారణంగా వారానికొకటి చొప్పున నాలుగు నుంచి ఆరు ఇంజెక్షన్లు పడతాయి. ప్రతిసారీ ముందు రక్తపరీక్ష చేస్తారు. తెల్ల కణాలు బాగా తగ్గితే ఆ వారం ఆపుతారు. మాకూ ఒకసారి అలాగే ఆపితే ఎంత టెన్షన్ పడ్డామో! ఎక్కువ కుక్కలకి దీంతో పూర్తిగా నయమవుతుందని డాక్టరమ్మగారు మొదటి రోజే ధైర్యం చెప్పారు. సుక్కికి రెండో ఇంజెక్షన్‌కే రక్తం ఆగింది.

ఇంజెక్షన్ చేసిన తర్వాత కొన్ని రోజులు మలమూత్రాల్లో మందు పోతుంది, చేతికి గ్లౌజులు లేకుండా తీయొద్దు, గర్భిణులు దగ్గరికి రావొద్దు అన్నారు. ఆ శుభ్రం చేసే పని మా మేడ మీద అద్దెకుండే డిగ్రీ అబ్బాయిలు పంచుకున్నారు. వాళ్ల గది చూస్తే ఆ అబ్బాయిలు శుభ్రం చేస్తారంటే ఎవరూ నమ్మరు, నేనే సాక్షి. ఆకలి చచ్చిపోయిన రోజుల్లో ఎదురింటి పిన్ని మెత్తగా వండిన అన్నంలో ఉడికించిన గుడ్డు కలిపి చేత్తో తినిపించారు. ఉల్లిపాయ పడిన కూర మాత్రం పెట్టనివ్వలేదు. కుక్కలకి ఉల్లి రక్తాన్ని దెబ్బతీస్తుంది.

ఆ పిన్ని సంగతి కూడా చెప్పాలి. వాళ్లింట్లో ముసలి పొమేరియన్ ఉంది. సుక్కి గొడవ విన్నాక దాని పొట్ట తడిమి చూస్తే చనుమొన పక్కన శనగగింజంత గడ్డ తగిలింది. మాతోనే ఆటోలో తీసుకొచ్చారు. ఆడకుక్కల రొమ్ము గడ్డల్లో సుమారు సగం కేన్సరే అవుతాయట, చిన్నగా ఉండగానే తీయడం మంచిదట. ఆపరేషన్ చేసి తీసేశారు, ఇప్పుడు హాయిగా మొరుగుతోంది. మొదటి ఎద రాకముందే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే ఈ రొమ్ము కేన్సర్ రావడం చాలా అరుదు. కుక్కపిల్లని తెచ్చుకునేవాళ్లు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు. ముద్దు చేసేటప్పుడే చనుమొనల వరస, నోరు, తోక కింద ఒకసారి చూస్తూ ఉండండి.

డబ్బు పంపిన అందరికీ, ముఖ్యంగా పేరు చెప్పకుండా టీకొట్టు డబ్బాలో వేసి వెళ్లినవాళ్లకీ దండాలు. దుబాయ్ నుంచి, హైదరాబాద్ నుంచి పంపిన మా వీధి పిల్లలకీ దండాలు. మందులకి అనుకున్నంత కాలేదు. మిగిలినదాంట్లోంచి సుక్కికి పిల్లలు పుట్టని ఆపరేషన్ చేయించాం. జబ్బు ఇంకో కుక్కకి పాకకుండా ఉండాలంటే అదే దారి. పైసా పైసా లెక్క రాసి రసీదులతో సహా టీకొట్టు గోడకి అంటించాం, ఎవరైనా చూసుకోవచ్చు.

ఇంకా కొంత డబ్బు ఉంది. ఏటా జూలై 6న జూనోసిస్ దినం (జంతువుల నుంచి మనుషులకి వచ్చే జబ్బుల గురించి జరిపే రోజు) సందర్భంగా పశువుల ఆసుపత్రిలో ఉచితంగా రేబిస్ టీకాలు వేస్తారు. ఈసారి మన వీధి కుక్కలన్నిటినీ తీసుకెళ్దామని అనుకుంటున్నాం. మిగిలిన డబ్బు ఆ రోజు ఆటోలకి పోతుంది. గొలుసులు, మూతికి కట్టే పట్టీలు కొన్నాం. కుక్కని భయపెట్టకుండా పట్టుకోగలిగినవాళ్లు ఇద్దరు ముగ్గురు కావాలి. వచ్చేవాళ్లు టీకొట్టు మావయ్యకి ముందు రోజు చెప్పండి.