మాధవికి, రిచర్డ్ ఎస్టెస్ గురించి

చి. మాధవికి నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. నీ దగ్గరినుంచి కబురు లేక చాలా రోజులైంది. నువ్వు బొమ్మలు మానేశావనీ, ఫొటో చూసి వేసేది కళే కాదని ఎవరో అన్నారనీ సుజాత చెప్పింది. నిజమా అని నేను అడగను. నీకిష్టమైన అమెరికన్ చిత్రకారుడు, ఫొటోల ఆధారంగా బొమ్మలు వేసే ఎస్టెస్ గురించి ఈమధ్య చదివాను, అది చెబుదామనే ఈ ఉత్తరం.

ఆయన 1932లో ఇల్లినాయ్‌లో పుట్టి, షికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో చదువుకునే రోజుల్లో అక్కడి సేకరణలోని డెగా, ఈకిన్స్, హాపర్ చిత్రాలను దగ్గరగా పరిశీలించాడు. హాపర్ 'నైట్‌హాక్స్' చిత్రంలో రాత్రి హోటలుకున్న ఆ పెద్ద గాజుగోడ ఆయన కళ్ళలో నిలిచిపోయిందని నాకనిపిస్తుంది. 1956లో న్యూయార్క్ చేరాక పదేళ్ళపాటు, కొంతకాలం స్పెయిన్‌లో కూడా, పత్రికలకూ ప్రకటనల సంస్థలకూ బొమ్మల పని చేసిపెడుతూ, తన చిత్రాలను తీరిక వేళల్లోనే వేసుకున్నాడు. 1966 నాటికి చేతిలో నాలుగు డబ్బులు నిలిచాకే ఆ పని వదిలాడు. న్యూయార్క్‌లో మొదటి సొంత ప్రదర్శన 1968లో, అంటే ముప్పయ్యైదు దాటాక. నీకింకా ఇరవయ్యేడే. ఉద్యోగంలో అలసిపోయి వచ్చినా, రోజుకో గంట కుంచె పట్టుకోవాలమ్మా. చేయి ఆగితే చూపు కూడా ఆగిపోతుంది.

ఫొటో సంగతంటావా, ఆయన ఒకే ఫొటోను ఎత్తి రాయలేదు. ఒక వీధిని ఎన్నో ఫొటోలు తీసి, కావలసినవి ఏరి, వాటిని కలిపి చిత్రం కూర్చుకున్నాడు. కెమెరా ఒకచోట దృష్టి నిలిపితే మిగతాది మసకబారుతుంది. ఆయన చిత్రంలో కిటికీ అద్దం మీది ప్రతిబింబమూ, అద్దం వెనక గదీ, ఎదుటి మేడా ఒకే స్పష్టతతో ఉంటాయి. ఏ కంటికీ ఒక్కసారిగా అందని ఆ దృశ్యాన్ని నకలు అనడం అన్యాయం. 1967 నాటి 'టెలిఫోన్ బూత్స్'లో వీధంతా లోహం మీదా గాజు మీదా ముక్కలై మెరుస్తుంటే, ఆ ముక్కల్లో ఏది ఎక్కడ ఉండాలో నిర్ణయించినది చిత్రకారుడే కదా! అందుకే, ఎవరో ఏదో అన్నారని నువ్వు మానడం నాకు సమ్మతం కాదు.

రంగులు పలచబరిచే టర్పెంటైన్ వాడేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచు. రాత్రి చిన్న దీపం వెలుగులో కళ్ళు పాడుచేసుకోకు. కళ్ళజోడు నంబరు మార్పించుకోమని అమ్మ మరీ మరీ చెప్పమంది. వచ్చే ఆదివారం ఫోను చెయ్యి. సుజాత చెప్పినదేమిటో నీ నోటనే వింటాను.

ఇట్లు,
నాన్న