పైథాన్ పాఠంలో ‘లేని కీ’ సంగతి కూడా అచ్చువేయండి

సంపాదకులకు నమస్కారం.

మీ చదువు పేజీలో పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష కొత్తగా నేర్చుకునేవారి కోసం వచ్చిన డిక్షనరీ (ఒక్కో పేరుకు, అంటే ‘కీ’కి, ఒక విలువను జతచేసి దాచే పట్టిక) పాఠం చూశాం. ఏది ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించడానికి ‘లెక్క[పదం] += 1’ అని ఒక్క వరుస ఇచ్చి వదిలేశారు. ఖాళీ డిక్షనరీతో మొదలుపెట్టినవారికి అది మొదటి పదం దగ్గరే కీ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఇంట్లో కంప్యూటర్ లేక, కాలేజీ ల్యాబ్ పీరియడ్ మీదే ఆధారపడే పిల్లలు మన జిల్లాల్లో ఎందరో ఉన్నారు. ఆ గంట కాస్తా ఈ ఎర్రర్‌కే పోతుంది.

కారణం చిన్నదే. ఆ ‘+=’ పాత విలువను చదువుతుంది, ఒకటి కలుపుతుంది, తిరిగి రాస్తుంది. కీ ఇంకా పుట్టనే లేదు కాబట్టి చదవడం దగ్గరే ఆగిపోతుంది. ‘లేకపోతే సున్నా అనుకో’ అని చెప్పే పని, డిక్షనరీలో విలువను చదివే గెట్‌ది.

వరంగల్‌లోని ఏనుమాముల మార్కెట్ యార్డుకు వచ్చిన మిర్చి లాట్ల ఫైలు ఉందనుకుందాం. వరుసకొక లాటు: రకం, కామా, బస్తాలు. (పైథాన్ పదాలను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాం, కీబోర్డు మీద ఇంగ్లిష్ అక్షరాలే కొట్టాలి.)

లెక్క = {}
ఫర్ వరుస ఇన్ ఫైల్:
    రకం, బస్తాలు = వరుస.స్ప్లిట్(',')
    లెక్క[రకం] = లెక్క.గెట్(రకం, 0) + 1

కామా ఎందుకంటే, ఖాళీ దగ్గర విడగొడితే ‘వండర్ హాట్ 25’ మూడు ముక్కలై ప్రోగ్రామ్ ఆగిపోతుంది. ఇక చివరి వరుసలో ఎడమవైపు రాయాల్సింది మరిచి ‘లెక్క.గెట్(రకం, 0) + 1’ అని మాత్రమే కొడితే ఎర్రర్ రాదు, డిక్షనరీ ఖాళీగానే మిగిలిపోతుంది. గెట్ చదువుతుందే తప్ప రాయదు. ఆ సున్నా మరిచిపోతే నన్ (‘ఏమీ లేదు’ అనే విలువ) వస్తుంది, దానికి ఒకటి కలపబోతే టైప్ ఎర్రర్.

ఎర్రర్ వస్తే పిల్లలు ఎలాగో సరిచేసుకుంటారు. తప్పు లెక్క నోరు మూసుకుని వచ్చేస్తేనే ప్రమాదం. ఐదు లాట్ల మిర్చి రకాలు తీసుకోండి: తేజ, 341, తేజ, చపాటా, తేజ. సరైన జవాబు తేజ 3, 341కి 1, చపాటా 1, మొత్తం 5. కొందరు ‘కీ ఉంటే ఒకటి కలుపు, లేకపోతే 0 పెట్టు’ అని రాస్తారు. అప్పుడు ప్రతి రకంలో మొదటి లాటు లెక్కలోకి రాదు. తేజ 2, మిగతా రెండూ 0, మొత్తం 2. తగ్గిన సంఖ్య సరిగ్గా రకాల సంఖ్యంత. ప్రతిసారీ ‘= 1’ అని రాసేస్తే మొత్తం 3, అంటే ఎన్ని రకాలో అంతే. డిక్షనరీని లూప్ (‘ఫర్’ కింద మళ్లీ మళ్లీ నడిచే వరుసలు) లోపల పుట్టిస్తే వరుస వరుసకూ పాతది పోయి చివరి లాటు మాత్రం మిగులుతుంది, మొత్తం 1. లెక్కించే వరుస లూప్ బయటికి జరిగినా అదే 1. అందుకే లూప్ అయ్యాక ‘సమ్(లెక్క.వాల్యూస్())’, అంటే అన్ని విలువల మొత్తం చూసి లాట్ల సంఖ్యతో పోల్చమని ప్రతి పాఠంలోనూ చెప్పాలి. ఆ ఒక్క అంకె తప్పు ఎలాంటిదో కూడా చాలావరకు సూచిస్తుంది.

ఇంకో మాట. పై ప్రోగ్రామ్ లెక్కించేది లాట్లను, బస్తాలను కాదు. బస్తాలు కావాలంటే 1 బదులు ‘ఇంట్(బస్తాలు)’ కలపాలి, ఎందుకంటే ఫైలు నుంచి వచ్చే ‘40’ లాంటిది పైథాన్‌కు సంఖ్య కాదు, అక్షరాలు. అదే కారణంతో ‘లెక్క[341]’ అని అడిగితే కీ ఎర్రర్ వస్తుంది, కొటేషన్లలో ‘341’ అని అడిగితే దొరుకుతుంది.

రెండు రోజుల లెక్కలు కలిపేటప్పుడు అప్‌డేట్ వాడటం మరో పెద్ద పొరపాటు. మామూలు డిక్షనరీలో అప్‌డేట్ కలపదు, పాత విలువ తీసేసి కొత్తది పెడుతుంది. మొదటి రోజు తేజ 3, రెండో రోజు 2 అయితే 5 రావాల్సిన చోట 2 వస్తుంది, ఎర్రర్ లేకుండానే. కలెక్షన్స్ మాడ్యూల్‌లోని లెక్కింపు డిక్షనరీ అయిన కౌంటర్‌లో మాత్రం అదే పేరున్న అప్‌డేట్ నిజంగానే కలుపుతుంది. పైథాన్ 3లో కౌంటర్ 2009లో వచ్చిన 3.1 నుంచీ ఉంది, వాడటం మంచిదే. కానీ గెట్‌తో ఒకసారి చేత్తో రాసిన తర్వాతే నేర్పాలని మా గట్టి అభిప్రాయం.

మొత్తం సరిపోయినా పట్టుబడని తప్పు ఒకటి మిగులుతుంది, తెలుగు డేటాలో అది ఎక్కువ. ‘హనుమకొండ’, ‘హన్మకొండ’ రెండు వేర్వేరు కీలు. చపాటానే టమాట మిర్చి అని కూడా అంటారు, పైథాన్‌కు అవి రెండు రకాలు. ‘వరంగల్’ చివర కంటికి కనిపించని జోడింపు నిరోధక అక్షరం (పక్క అక్షరాలు కలిసిపోకుండా ఆపేది) చేరితే అదీ వేరే కీ అవుతుంది. స్ట్రిప్ ఖాళీలను తీస్తుంది గానీ దీన్ని తీయదు, రీప్లేస్‌తో తొలగించాలి. డిక్షనరీ మొత్తాన్ని ప్రింట్ చేస్తే ఆ పేరు చివర బ్యాక్‌స్లాష్, యు, 200సి అని బయటపడుతుంది. పేర్ల తేడాలకు ‘టమాట మిర్చి’ని ‘చపాటా’కు చూపే రెండో డిక్షనరీ పెట్టి, లెక్కించే ముందు ‘రకం = సరిపేరు.గెట్(రకం, రకం)’ అనాలి. జాబితాలో లేని పేరు ఉన్నది ఉన్నట్టే ఉంటుంది.

తర్వాతి పాఠాలకు మా విన్నపం: లూప్ లోపలి వరుసలను నాలుగు ఖాళీలు జరిపే అచ్చువేయండి. పేజీ దిద్దేటప్పుడు అవి చెదిరి లెక్కించే వరుస బయటికి జరిగితే పైన చెప్పిన ‘మొత్తం 1’ తప్పును పత్రికే నేర్పినట్టవుతుంది. కొటేషన్లు నిలువుగా ఉండేవే వాడండి, వంపు తిరిగినవి చూసి కొడితే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. ప్రతి ప్రోగ్రామ్ కిందా ఐదారు వరుసల నమూనా డేటా, దానికి రావాల్సిన జవాబు ఇవ్వండి.

— కంప్యూటర్ సైన్స్ అధ్యాపకులు, హనుమకొండ